సగం అల్లిన చెయ్యి

బస్‌స్టేషన్‌లో పోయిన వస్తువుల గదికి కిటికీ ఒకటే, కిటికీ వెనక మనిషి కూడా ఒకరే. ఆవిడను డ్రైవర్ల దగ్గర్నుంచి తుడిచేవాళ్ళ దాకా అందరూ చీటీలక్క అంటారు. బస్సుల్లో జనం మరిచిపోయిన వస్తువులు డ్యూటీ దిగే డ్రైవర్లు తెచ్చి ఆ కిటికీలో పడేస్తారు. ఆవిడ ఒక్కోదానికీ చీటీ రాసి, పురికొసతో కట్టి, అరలో పెడుతుంది. అదే ఉద్యోగం. వేరే ఎవరైనా అయితే ‘గొడుగు’ అని రాసి ఊరుకుంటారు. చీటీలక్క ‘నల్ల గొడుగు, ఒక పుల్ల వంగింది, పిడి మీద పంటిగాట్లు, మనవడో మనవరాలో ఉన్న ఇల్లు’ అని రాసేది. చివరి ముక్క ఆఫీసుకు అక్కర్లేదని పాత సూపర్‌వైజరు ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కించుకోలేదు.

తొంభై రోజుల్లో ఎవరూ రాకపోతే వస్తువు వేలానికి పోతుంది. మూడు నెలలకోసారి గది ముందే బల్ల వేసి పాడేస్తారు. ఉద్యోగులు గానీ వాళ్ళ చుట్టాలు గానీ పాడకూడదని రూలు. చీటీలక్క ఆరేళ్ళుగా ఆ రూలు తప్పుతోంది. తను పాడదు, చెల్లెలి మొగుడి చేత పాడిస్తుంది.

అది మొదలైన వైనం ఆవిడ చెల్లెలికి చెప్పింది, మరిదికి చెప్పింది, తనకు తాను లెక్కలేనన్నిసార్లు చెప్పుకుంది. ఆరేళ్ళ కిందట ఒక పెద్దాయన ఫ్లాస్కు కోసం వచ్చాడు. రెండు రోజుల ముందే అది వేలంలో పోయింది. ఆయన అరవలేదు, తిట్టలేదు. ఎవరు కొన్నారమ్మా అని ఒక్కసారి అడిగి, ఎదురుగా ఉన్న బెంచీ మీద కూర్చుని సాయంత్రం దాకా కిటికీ వంక చూస్తూ ఉండిపోయాడు. ఆ రోజు ఆవిడకు అన్నం సయించలేదు. ఆ తర్వాతి వేలం నుంచి, దీని కోసం ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు అని మనసుకు తోచిన వస్తువునల్లా ఇంటికి తెప్పించుకోవడం మొదలుపెట్టింది. మొదట్లో వేలానికి ఒకటి. ఇప్పుడు నాలుగైదు.

ఇల్లంటే చెల్లెలి ఇల్లే. ముందు గది మరిది సెలూను, వెనక రెండు గదులు కాపురం, ఆ వెనక రేకుల కప్పు గది చీటీలక్కది. పదకొండేళ్ళ కిందట భర్త పోయాక, పిల్లలు లేని మనిషి ఒక్కతే ఎందుకని చెల్లెలు పట్టుబట్టి తెచ్చుకుంది. బాగానే చూసుకుంటారు. కానీ ఆ ఇంటి తలుపు ఎవరు తట్టినా క్షవరానికే. పదకొండేళ్ళలో ఒక్కరు కూడా ‘అక్క ఉందా’ అని వచ్చింది లేదు.

గదిలో మంచం చుట్టూ అరలు. గొడుగులు, చేతికర్రలు, అలారం గడియారం, ఎవరిదో పెళ్ళి ఫోటో, ఒంటి చెప్పు, డబ్బాలో కట్టుడు పళ్ళు. ప్రతిదానికీ తన చేతి చీటీ, చీటీ మీద మళ్ళీ తొంభై రోజుల గడువు. గడువు తీరగానే కొత్త చీటీ, ఇంకో తొంభై. ఆదివారాలు గడియారానికి కీ ఇచ్చి, గొడుగుల పుల్లలకు నూనె రాసి, పళ్ళు కడిగి తుడిచి పెట్టేది. ‘ఆ పళ్ళకు జరిగే మర్యాద నాకు పెళ్ళిలో కూడా జరగలేదు’ అని మరిది సణిగేవాడు. సణుగుతూనే వెళ్ళి పాడి వచ్చేవాడు. వదిన మాట కాదనే ధైర్యం ఆయనకు లేదు.

సోమవారం పొద్దున పదిన్నరకు కిటికీ దగ్గరికి ఒక పొడుగమ్మాయి వచ్చింది. చీటీలక్కకు ముందు ఆ అమ్మాయి గడ్డమే కనిపించింది. వంగితే గానీ మొహం కనపడలేదు. పుస్తకాలు బైండింగు చేసే చోట పనట, వేళ్ళకు ఎండిపోయిన జిగురు. ఎనిమిది నెలల కిందట వాళ్ళమ్మ బస్సులో ఒక గుడ్డ సంచి మరిచిపోయిందని, దాన్లో సగం అల్లిన నీలం స్వెటరు ఉందని చెప్పింది.

చీటీలక్క చేతిలో పెన్ను ఆగిపోయింది.

ఎనిమిది నెలలు ఎందుకు ఆగారు అని పక్కనే ఉన్న సూపర్‌వైజరు అడిగాడు. అమ్మాయి చెప్పుకొచ్చింది. ఆ రోజు బస్సు దిగి ఇంటికొచ్చిన గంటకే అమ్మకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట పోయింది, ‘ఎక్కడ’ అన్న ఒక్క మాట తప్ప. పొద్దున లేచింది మొదలు ఎక్కడ, ఎక్కడ అని అడుగుతూనే ఉంటుంది. నాన్న కోసమనుకుని ఆయన ఫోటో చూపించారు, కళ్ళజోడు చూపించారు, ఊళ్ళో ఉన్న చుట్టాలనందరినీ పిలిపించారు. ఏదీ కాదు. పోయిన వారం ఆ బస్సులో కలిసి తిరిగే ఒకావిడ చూడ్డానికి వచ్చి, ఆ రోజు అల్లుకుంటూ ఉందిగా, ఆ సంచి ఏది అంది. అప్పుడు తట్టింది వీళ్ళకు, మంచాన పడ్డప్పటి నుంచీ అమ్మ ఎడం చెయ్యి ఒళ్ళో దేనికోసం తడుముతోందో. కొత్త ఊలు, కొత్త సూదులు కొని ఇస్తే విసిరికొట్టిందట.

సూపర్‌వైజరు ఆ బస్‌స్టేషన్‌కు కొత్త. వచ్చి నాలుగు నెలలే. సాయం చెయ్యడమంటే పిచ్చి ఉన్న మనిషి. చీటీలక్కకు ఆయనంటే భయం లేదు, ఆయన మంచితనం అంటేనే భయం. ఆయన అప్పుడే రిజిస్టరు తీసి పేజీలు తిప్పేశాడు. అయిదు నెలల కిందట వేలంలో పోయింది. కొన్నది సెలూను ఆయన, వంతెన పక్క వీధి.

‘పెద్ద దూరం కాదమ్మా. గురువారం మధ్యాహ్నం నేనే వెళ్ళి అడుగుతాను. ఎలాగూ జుట్టు కూడా పెరిగింది’ అన్నాడు.

అమ్మాయి కళ్ళనిండా నీళ్ళతో దండం పెట్టింది. చిరునామా రాసిచ్చింది. వెళ్ళబోతూ మళ్ళీ వంగి, ‘ఆంటీ, మీరు చూసే ఉంటారుగా. అప్పటికి పాడవలేదు కదా?’ అని అడిగింది.

‘బాగానే ఉందమ్మా’ అంది చీటీలక్క.

అక్కడే చెప్పేసి ఉండొచ్చు. నా దగ్గరే ఉంది, రేపు తెస్తాను అంటే సరిపోయేది. పోతే ఉద్యోగం పోయేది. పదవీ విరమణకు ఇంకా నాలుగేళ్ళుంది, ఆ నాలుగేళ్ళూ చెల్లెలింట్లో వట్టి చేతులతో కూర్చోవాలి. నోరు నొక్కిన భయం అదేనని ఆవిడ రోజంతా తనకు తాను నచ్చజెప్పుకుంది. చీటీల మీద తారీఖులు తప్పులు పడ్డాయి. ఇరవై ఏళ్ళలో మొదటిసారి ఒక గొడుగుకు ‘గొడుగు’ అని మాత్రమే రాసింది.

సాయంత్రం సెలూను మూసేశాక ఇంట్లో విషయం చెప్పింది. మరిదికి ముచ్చెమటలు పోశాయి. ఆరేళ్ళ వేలాల్లో కొన్నవన్నీ ఆయన పేరు మీదే ఉన్నాయి. వాటిని కొన్న మనిషి ఇంట్లోనే చీటీలక్క ఉంటోందని తెలియడానికి ఎంతసేపు? ఎవరో చుట్టాలకు ఇచ్చేశానని చెప్తానన్నాడు. అద్దం ముందు నిలబడి రెండుసార్లు అని చూసుకున్నాడు. అబద్ధమాడితే ఆయన ఎడమ కన్ను దానంతటదే కొట్టుకుంటుంది, ఇంటిల్లిపాదికీ తెలుసు. అద్దంలో చూసుకుని తనే తల పట్టుకున్నాడు.

చెల్లెలు మాత్రం పళ్ళెం కడుగుతూ, వెనక్కి తిరగకుండానే అడిగింది.

‘ఎవరో ఒకరు వస్తారనేగా అక్కా దాచావు? వచ్చారుగా. మరి ఏడుపెందుకు?’

చీటీలక్క లేచి తన గదిలోకి పోయి గడియ పెట్టుకుంది.

స్వెటరు పెట్టెలో అడుగున ఉంది. సగం అల్లినది కాదు. పూర్తయి, ఉతికి, మడతపెట్టిన స్వెటరు.

అది ఎలా పూర్తయిందో కూడా చెప్పాలి. వేలం నుంచి వచ్చినప్పుడు దాని ఒళ్ళంతా అయింది, ఒక చెయ్యి అయింది, రెండో చెయ్యి భుజం నుంచి మోచేతి దాకా వచ్చి సూది మీద ఆగి ఉంది. చీటీలక్కకు చిన్నప్పుడు అల్లిక వచ్చు. నెల రోజులు దాన్ని ముట్టుకోలేదు. తర్వాత, సూది మీది కుట్లు జారిపోతాయేమో, ఒక్క వరస అల్లి బిగిద్దాం అనుకుంది. అల్లుతుంటే కింద నాలుగు వరసల్లో తప్పులు కనిపించాయి. కుట్లు తప్పి, వదులై, ఒకచోట రెండు కలిసిపోయి ఉన్నాయి. అంత బిగువుగా, అంత సమంగా అల్లే చెయ్యి చివరి నాలుగు వరసల్లో ఎందుకలా తడబడిందో ఆవిడకు అప్పుడు తెలియదు. తప్పుంటే చూస్తూ ఊరుకోలేని మనిషి, ఆ నాలుగూ విప్పి శుభ్రంగా అల్లింది. ఆపైన ఇంక చేతులు ఆగలేదు. మూడు వారాల్లో చెయ్యి పూర్తయింది. ఒకసారి తొడుక్కుని చూసుకుంది. ఒకసారేమిటిలెండి, వానలు పడ్డ నెలంతా పొద్దునపూట గదిలో అదే తొడుక్కుని తిరిగింది. ఎవరైనా పిలిస్తే విప్పి పెట్టెలో పడేసి బయటికి వచ్చేది.

ఇప్పుడు దాన్ని మంచం మీద పరిచి దాని రెండు చేతులూ పక్కపక్కన పెట్టింది. ఒకటి పొడుగు, రెండోది పొట్టి. నాలుగు వేళ్ళ తేడా ఉంది. పొడుగు చెయ్యి ఆ పొడుగమ్మాయి కొలతకు వాళ్ళమ్మ అల్లింది. పొట్టిది చీటీలక్క అల్లింది. అల్లుతున్నప్పుడు కొలత కోసం మొదటి చెయ్యి పక్కనే ఉంది, దాన్ని చూసి అల్లొచ్చు. చూడలేదు. తన చెయ్యి చాపి, తన మణికట్టు దగ్గర ఆపేసింది.

ఆ సంగతి ఆవిడకు అప్పుడే మొదటిసారి కనిపించింది. సిగ్గుతో చెవులు వేడెక్కాయి.

మంగళవారం, బుధవారం పొద్దున్నే లేచి, డ్యూటీకి వెళ్ళేలోగా తను అల్లింది విప్పింది. విప్పడం తేలికే, దారం లాగుతూ పోతే వస్తుంది. మణికట్టు నుంచి మోచేతికి వచ్చేసరికి నెమ్మదించింది. తన వరసలు వదులు, అమ్మాయి వాళ్ళమ్మవి బిగువు, వేలితో తడిమితే చాలు ఎవరివి ఎక్కడ మొదలయ్యాయో తెలిసిపోతుంది. అక్కడే ఆగాలి. కానీ అక్కడ ఉన్నవి తను సరిదిద్దిన నాలుగు వరసలు. వాటిని ఉంచితే తనవి. విప్పితే ఆవిడ ఆఖరుగా అల్లినవి లేనట్టే. ఆ తప్పుల్ని తిరిగి అల్లడానికి కూడా ప్రయత్నించింది పాపం. ఏ కుట్టు ఎక్కడ జారిందో ఎంత తన్నుకున్నా గుర్తుకు రాలేదు. కావాలని తప్పు అల్లబోతే చెయ్యి అలవాటు కొద్దీ సరిగ్గానే అల్లింది. పక్షవాతం తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డ గంటలో ఒక మనిషి అల్లిన వరసలవి. వాటిని పొరపాటు అనుకుని చెరిపేసింది. చివరికి నాలుగు వరసలూ అలాగే ఉంచి, సూదికి ఎక్కించి, మిగిలిన ఊలు ఉండ చుట్టి, రెండో సూదితో పాటు గుడ్డ సంచిలో పెట్టింది.

బుధవారం మధ్యాహ్నం సూపర్‌వైజరు రిజిస్టరు ముందేసుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఆయనే చెప్పాడు. ఈ సెలూను ఆయన ప్రతి వేలంలోనూ ఉన్నాడట. గొడుగులు, కర్రలు, కట్టుడు పళ్ళు కూడా కొన్నాడట. భలే సరదా మనిషిలా ఉన్నాడు, రేపు ఆ ఇల్లంతా చూడాల్సిందే అన్నాడు. చీటీలక్క అవునండీ అంది. ఆ పూటంతా ఎవరు గట్టిగా నడిచినా ఉలిక్కిపడుతూనే ఉంది.

గురువారం ఒంటిగంటకు కిటికీ మూస్తారు, రెండింటికి మళ్ళీ తెరవాలి. సూపర్‌వైజరు ఒంటిగంటకు ముందే టోపీ పెట్టుకుని సెలూనుకు బయల్దేరాడు. ఆయన మలుపు తిరగడం చూసి, చీటీలక్క బల్ల కింది నుంచి గుడ్డ సంచి తీసుకుని రెండో వైపు నడిచింది. అమ్మాయి రాసిచ్చిన చిరునామా ఆవిడకు నోటికి వచ్చేసింది. ఇంటికి వెళ్ళి సంచి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టి వచ్చెయ్యాలనే ఆలోచన. దారిలో రెండుసార్లు వెనక్కి తిరిగింది. ఒకసారి ఉద్యోగం గుర్తొచ్చి. రెండోసారి ఎందుకో తెలియదు, సంచి చంకలో బరువుగా, వెచ్చగా ఉంది.

మూడో అంతస్తు. తలుపు తట్టకముందే తెరుచుకుంది. మందులకు వెళ్ళబోతున్న పొడుగమ్మాయి ఎదురుగా నిలబడింది. సంచిని చూసింది, ఆవిడను చూసింది, ఒక్కసారిగా రెండు చేతులూ పట్టేసుకుంది. అప్పుడే దొరికిందా, మీరే స్వయంగా తెచ్చారా, మీ ఆఫీసు వాళ్ళ రుణం తీర్చుకోలేను అంటూ లోపలికి లాక్కుపోయింది.

చీటీలక్క ఏమీ అనాల్సిన అవసరమే లేకుండా అబద్ధం తనంతట తనే వచ్చి ఒళ్ళో కూర్చుంది. సెలూను ఆయన ఇచ్చాడని అమ్మాయే అనుకుంది. తను ఔననక్కర్లేదు, కాదనకపోతే చాలు. మరిదితో సాయంత్రం మాట కలుపుకుంటే అందరూ బయటపడిపోవచ్చు.

పెద్దావిడ కిటికీ పక్కన కుర్చీలో దిండ్ల మధ్య ఉంది. సన్నటి మనిషి. ఎడం చెయ్యి ఒళ్ళో అటూ ఇటూ తిరుగుతోంది. ‘ఎక్కడ’ అంది, వచ్చినవాళ్ళను చూడకుండానే. అమ్మాయి సంచిలోంచి స్వెటరు తీసి ఆవిడ ఒళ్ళో పెట్టింది.

చెయ్యి ఆగింది.

తర్వాత నెమ్మదిగా కదిలింది. స్వెటరు ఒళ్ళంతా తడిమింది, అయిపోయిన చేతిని మణికట్టు దాకా తడిమింది, భుజం దగ్గర్నుంచి సగం చేతి మీదుగా కిందికి వచ్చింది. అమ్మాయి నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. వేళ్ళు మోచేతి దగ్గరికి వచ్చి, ఆ నాలుగు వరసల మీద నిలిచిపోయాయి. వెనక్కి వెళ్ళి మళ్ళీ వచ్చాయి. చూపుడు వేలితో ఒక్కో కుట్టూ నొక్కి చూసింది. కనుబొమలు ముడిపడ్డాయి.

‘ఎక్కడ?’ అంది.

‘ఇదేనమ్మా, నీదే. ఇదిగో నీ ఒళ్ళోనే ఉందిగా’ అంది అమ్మాయి కంగారుగా.

‘ఎక్కడ?’ వేలు ఆ వరసల మీదే ఉంది. కళ్ళెత్తి ఈసారి చీటీలక్క వంక చూసింది.

అమ్మాయి ఆ మాటే మళ్ళీ చెప్పింది, బతిమాలింది. ఇది కూడా కాదేమోనని ఆమె మొహం వాడిపోయింది. పెద్దావిడ దేన్ని వెతుకుతోందో ఆ గదిలో ఒక్క చీటీలక్కకే తెలుసు. చెప్పకుండా మెట్లు దిగి వెళ్ళిపోవచ్చు కూడా. కానీ చీటీలక్క కుర్చీ దగ్గరికి వచ్చింది.

‘అవి నేను విప్పేశానమ్మా’ అంది. ‘మీరు అల్లిన ఆఖరి నాలుగు వరసలు. తప్పులున్నాయనుకుని విప్పి మళ్ళీ అల్లాను. మీకలా అయిందని నాకు తెలియదు.’

అమ్మాయి ఏడుపు ఆగిపోయింది. మీరెందుకు అల్లారు అంది. ఇంక దాచడానికి ఏముంది? వేలంలో కొనిపించింది తనేనని, సెలూను ఆయన తన మరిదేనని, సోమవారం అడిగినప్పుడు స్వెటరు ఇంట్లో పెట్టెలోనే ఉందని చీటీలక్క మొత్తం చెప్పేసింది. చెబుతుంటే మాటలు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. అమ్మాయి వింటూ వింటూ ఎర్రబడిపోయింది.

‘మా అమ్మ ఎలా ఉందో చెబుతుంటే మీరు అక్కడే కూర్చుని విన్నారు’ అంది. ‘బాగానే ఉందమ్మా అన్నారు నాతో. అసలు ఎందుకు కొన్నారు దాన్ని? ఏం చేసుకుంటారు?’

ఆరేళ్ళుగా అందరికీ చెప్పే జవాబు నాలుక మీద సిద్ధంగానే ఉంది. చీటీలక్క నోరు తెరిచింది. మాట మాత్రం వేరేది వచ్చింది.

‘ఎవరూ రారనుకున్నాను’ అంది. ‘ఎవరూ రానివి నావేగా అనుకున్నాను. చెయ్యి నా కొలతకే అల్లుకున్నానమ్మా.’

అమ్మాయి తలుపు వైపు చూపించింది. ‘మీరు వెళ్ళండి’ అంది.

చీటీలక్క వెళ్ళడానికే కదిలింది. సరిగ్గా అప్పుడే పెద్దావిడ సూదిని పళ్ళతో పట్టి, ఒక్క లాగు లాగి బయటికి తీసింది. ఎడం చేత్తో దారం అందుకుని విప్పడం మొదలుపెట్టింది. ఒక వరస పోయింది. రెండోది. నీలం దారం ఒళ్ళో కుప్పగా పడుతోంది. నాలుగూ పోయాక ఆగింది. తన బిగువు తన వేలికి తగిలింది కాబోలు. కానీ సూది లేని కుట్లు నోళ్ళు తెరుచుకుని వరసగా నిలబడ్డాయి, కొంచెం కదిలితే కిందిదాకా జారిపోతాయి. చీటీలక్క ఏ ఆలోచనా లేకుండా మోకాళ్ళ మీద కూర్చుని, సూది తీసుకుని ఒక్కో కుట్టూ ఎక్కించింది. నలభై నాలుగూ ఎక్కించింది. కుట్లున్న సూదిని పెద్దావిడ ఎడం చేత్తో గట్టిగా పట్టుకుంది. సంచిలోని రెండో సూదిని గడ్డంతో చూపించింది. చీటీలక్క దాన్ని కుడి చేత్తో అందుకుని మొదటి కుట్టులో దూర్చి, దారం తిప్పింది. పెద్దావిడ ఎడం చెయ్యి ఆ కుట్టును ముందుకు తోసింది. రెండోది. మూడోది. ఇద్దరి చేతుల్లో రెండు సూదులు, మధ్యలో ఒకే వరస.

‘వెళ్ళమన్నాను’ అంది అమ్మాయి. గొంతులో ఇందాకటి బలం లేదు.

‘వెళ్తానమ్మా. ఇప్పుడు వదిలితే కుట్లు జారిపోతాయి. ఈ వరస అవనీ.’

వరస అవడానికి పావుగంట పట్టింది. మధ్యలో రెండుచోట్ల తప్పింది. ఒకటి పెద్దావిడ చెయ్యి ముందే తోసెయ్యడం వల్ల, ఒకటి చీటీలక్క చెయ్యి వణకడం వల్ల. వాటిని అలాగే ఉంచి ముందుకు పోయారు. అంతసేపట్లో పెద్దావిడ ఒక్కసారి కూడా ‘ఎక్కడ’ అనలేదు. ఆ నిశ్శబ్దం అమ్మాయికే ముందు తెలిసింది. ఎనిమిది నెలల తర్వాత ఇల్లు అంత నిశ్శబ్దంగా ఉంది. ఆమె గోడకు ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

గోడ గడియారం రెండూ పది చూపిస్తోంది. బస్‌స్టేషన్‌లో కిటికీ తెరిచి పది నిమిషాలై ఉండాలి. సూపర్‌వైజరు ఈపాటికి మరిది కన్ను కొట్టుకోవడం చూసి ఉంటాడు, వెనక గదిలోని అరల ముందు నిలబడి ఒక్కో చీటీ చదువుతూ ఉంటాడు. ఆ చేతిరాత ఎవరిదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా చీటీలక్క లేవలేదు. వరస తిప్పి సూదులు మార్చింది. పెద్దావిడ ఎడం చెయ్యి అప్పటికే సిద్ధంగా చాచి ఉంది.

‘ఇంకా ఎన్ని వరసలుంటాయి?’ అని అడిగింది అమ్మాయి, నేల వంక చూస్తూ.

చీటీలక్క పూర్తయిన చేతిని పక్కన పరిచి, ఈసారి దాన్ని చూసే లెక్కపెట్టింది.

‘అరవై పైనే’ అంది. రోజుకు రెండో మూడో కంటే కావు. ఉద్యోగం సంగతి అప్పుడు గుర్తు కూడా లేదు. రేపు రావద్దంటుందేమోనని భయమేసి, ఆవిడ తలెత్తకుండా తర్వాతి కుట్టులో సూది దూర్చింది.